ప్లాస్టిక్ పుట్ట

పెంపుడు పాముకు చవకైన, భద్రమైన పెట్టె దొరకడం కష్టం కాదు. దాని మూత గట్టిగా పడుతుందా అన్నది మాత్రం క్లిప్పులతోనే తేలే సంగతి కాదు.

పాము తనకంటూ ఇల్లు కట్టుకోదు. చెదలు కట్టిన పుట్టలోనో, ఎలుక తవ్విన బొరియలోనో దూరి అదే తన ఇల్లనుకుంటుంది. నాగుల చవితికి పుట్ట వెతుక్కుంటూ వెళ్ళే తెలుగువాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో బతికే బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువదీ ఇదే పద్ధతి. పగలంతా చెదల పుట్టలోనో ఎలుక కన్నంలోనో ముడుచుకుని ఉంటుంది. బెదిరితే తలను చుట్టల మధ్య దాచుకుని బంతిలా మారిపోతుంది. ఆ పేరు అందుకే వచ్చింది. ప్రపంచంలో ఇళ్ళలో ఎక్కువగా పెంచే పాముల్లో ఇదొకటి. అమెరికాకు చెందిన కార్న్ స్నేక్ మరొకటి. రెండింటికీ విషం లేదు. రెండూ సాధారణంగా మీటరు నుంచి మీటరున్నర వరకు పెరుగుతాయి. పెంపకందారుల ఇళ్ళలో ఈ రెండూ ఎక్కువగా కాపురముండేది బట్టలు, దుప్పట్లు దాచుకునే మామూలు ప్లాస్టిక్ పెట్టెల్లోనే.

ఇది పిసినారితనమని కొట్టిపారేయడానికి లేదు. నాలుగు వైపులా గాజు ఉన్న తొట్టి చూసేవాళ్ళకు అందంగా ఉంటుంది కానీ పాముకు నడివీధిలో నిలబడ్డట్టుంటుంది. ప్లాస్టిక్ పెట్టె మసకగా, ఇరుకుగా ఉంటుంది. లోపలి తేమ త్వరగా ఆరిపోదు. తేలిక, కడగడం సులువు, పగిలితే గాజుపెంకులు ఏరుకోనక్కర్లేదు. పుట్టలో ఉండే లక్షణాలు చాలావరకు అందులో ఉన్నాయి. పుదుచ్చేరి నెహ్రూ వీధి దుకాణాల్లోనో, ఆదివారాలు మహాత్మా గాంధీ రోడ్డు పొడవునా పరుచుకునే సండే మార్కెట్‌లోనో ప్లాస్టిక్ సామాన్లకు కొదవ లేదు. గాజు తొట్టికి అయ్యే ఖర్చులో కొద్ది భాగంతోనే పని జరిగిపోతుంది. అయితే పుట్టకూ పెట్టెకూ ఒక పెద్ద తేడా ఉంది. పుట్ట నచ్చకపోతే పాము వెళ్ళిపోతుంది. పెట్టె నచ్చకపోయినా ఉండాల్సిందే. అందుకే పెట్టెను ఎంచుకునేవాడి మీద బాధ్యత పడుతుంది.

పెట్టెకు ముందు పాము

దుకాణానికి వెళ్ళే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ పెట్టెలో ఉండబోయేది ఏ పాము? తోటలో దొరికిన జెర్రిపోతో, వానకు కొట్టుకొచ్చిన నీరుకట్టో, రెండు తలల పామని జనం పిలిచే పూడుపామో అయితే ఇక పెట్టె గురించి ఆలోచించనక్కర్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాములను పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. పట్టడాన్ని కూడా చట్టం వేటగానే లెక్కిస్తుంది. కొండచిలువ లాంటి మొదటి షెడ్యూలు జీవుల విషయంలో మూడు నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా తప్పవు. విషం లేదనో, ముద్దుగా ఉందనో, ప్రాణం కాపాడాననో చెప్పినా పెంచుకునే హక్కు రాదు. అటవీ శాఖకు కబురు పెట్టడం ఒక్కటే దారి.

విదేశీ పాముల విషయం చాలాకాలం ఎటూ తేలకుండా ఉండిపోయింది. మన చట్టం మన అడవుల జీవుల గురించే మాట్లాడేది. బయటి దేశపు పాము సరిహద్దు దాటి లోపలికి వచ్చేసిందంటే దాన్ని అడిగే నాథుడు లేడు. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సూచన జారీ చేసింది. ఇలాంటి జీవులు ఇంట్లో ఉన్నవాళ్ళు ఆరు నెలల్లోగా తమంతట తాము వెల్లడిస్తే పత్రాలు అడగబోమని అభయమిచ్చింది. ఆ తర్వాత 2022 డిసెంబర్‌లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సవరణ, అంతర్జాతీయ వన్యజీవుల వాణిజ్య ఒప్పందమైన సైట్స్ జాబితాలోని జీవులను నాలుగో షెడ్యూలులో చేర్చింది. ఆ ఒప్పందం 1970ల నాటిదే, భారత్ 1976లోనే అందులో చేరింది. ఇంటి గడప లోపలికి అది రావడానికి మాత్రం ఇంతకాలం పట్టింది.

2024 ఫిబ్రవరి చివర్లో నమోదు నిబంధనలు వెలువడ్డాయి. అప్పటికే నాలుగో షెడ్యూలు జీవి ఉన్నవాళ్ళకు ఆరు నెలల గడువు ఇచ్చారు. తర్వాత సంపాదించినవాళ్ళు 30 రోజుల్లో పరివేష్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. పుదుచ్చేరి పట్టణంలో ఉన్నా, గోదావరి ఒడ్డున యానాంలో ఉన్నా చేరవలసింది కేంద్రపాలిత ప్రాంతపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి దగ్గరికే. బాల్ పైథాన్, బోవా, అనకొండ సైట్స్ జాబితాలో ఉన్నాయి కనుక నమోదు తప్పనిసరి. కార్న్ స్నేక్ ఆ జాబితాలో లేదు. అంతమాత్రాన సూట్‌కేసులో పెట్టి తెచ్చుకోవచ్చని కాదు. ఏ జీవిని దిగుమతి చేసుకోవాలన్నా విదేశీ వాణిజ్య విభాగం అనుమతి, ఆరోగ్య తనిఖీ, కస్టమ్స్ పత్రాలు ఉండాల్సిందే.

సూట్‌కేసు మాట ఊరికే రాలేదు. పుదుచ్చేరికి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నై విమానాశ్రయంలో 2023 జనవరిలో బ్యాంకాక్ నుంచి వచ్చిన, ఎవరూ తీసుకెళ్ళని రెండు పెట్టెలను కస్టమ్స్ అధికారులు తెరిస్తే 45 బాల్ పైథాన్లు, 8 కార్న్ స్నేక్‌లు బయటపడ్డాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుంచి దిగిన ఒక ప్రయాణికురాలి సామానులో 22 పాములు దొరికాయి. అవీ ప్లాస్టిక్ డబ్బాల్లోనే ఉన్నాయి. సెప్టెంబర్‌లో బెంగళూరులో 55 బాల్ పైథాన్లతోపాటు 17 రాచనాగులు దొరికాయి. అదే సామానులో ఉన్న ఆరు కాపుచిన్ కోతులు అప్పటికే చచ్చిపోయాయి. ఇలా వచ్చిన పాము అమ్మకానికి దొరికితే దాని చవక ధర వెనుక ఎన్ని చావులున్నాయో కొనేవాడికి కనబడదు. పుట్టుక పత్రాలు, నమోదు వివరాలు చూపించలేని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచి పెట్టెను ఎంచుకోవడంలో మొదటి మెట్టు.

రెండో మెట్టు ఇంకా సూటిగా ఉంటుంది. విషపాము ఏదీ ఇంట్లో ఉండకూడదు. మన దేశంలో తయారయ్యే విషహరం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషానికే పనిచేసేలా రూపొందింది. విదేశీ విషపాము కాటేస్తే జిప్మర్ లాంటి పెద్దాసుపత్రిలోని వైద్యుల చేతుల్లోనూ సరైన మందు ఉండదు. ఎంత గట్టి మూతైనా ఆ లోటును పూడ్చలేదు.

మూత కథ

నమోదైన, విషం లేని పాము ఉందనుకుందాం. ఇప్పుడు దుకాణానికి వెళ్ళవచ్చు. ముందు పెట్టెను తిరగేసి అడుగున ఉన్న త్రికోణం గుర్తు చూడండి. అందులో 5 ఉంటే పాలీప్రొపిలీన్. కాస్త వంగుతుంది, పగలదు, కన్నాలు వేస్తే చీలదు. 6 ఉంటే పాలీస్టైరీన్. అద్దంలా మెరుస్తుంది కానీ డ్రిల్లు తగలగానే పెటపెటా చిట్లుతుంది. చిట్లిన అంచు పాము పొట్టను కోస్తుంది, చీలిక కాలక్రమంలో పెరుగుతుంది.

తర్వాత మూత. పాము బలమంతా సహనంలో ఉంది. రాత్రంతా ముక్కుతో మూత అంచును ఒక్కోచోటా నెట్టి చూస్తుంది. ఇవాళ కాకపోతే రేపు, రేపు కాకపోతే వచ్చే నెల. తల దూరితే చాలు, చాలావరకు ఒళ్ళు దూరినట్టే. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కార్న్ స్నేక్ పిల్ల పెన్సిలు లావుంటుంది. కాబట్టి పెన్సిలు పట్టే సందు ఉన్న పెట్టె దానికి తలుపు తెరిచిన ఇంటితో సమానం.

కొనేముందు దుకాణంలోనే చేయదగ్గ పరీక్షలున్నాయి. మూత బిగించి, పొడుగు వైపు సరిగ్గా మధ్యలో బొటనవేలితో పైకి నెట్టండి. పెట్టె బలహీనత మూలల్లో ఉండదు, పొడుగు అంచు నడుమ ఉంటుంది. రెండు కొసల్లో మాత్రమే క్లిప్పులున్న పెట్టె అక్కడ విల్లులా వంగి సందు ఇస్తుంది. నాలుగు వైపులా క్లిప్పులున్నదో, పొడుగు వైపుల రెండేసి క్లిప్పులున్నదో తీసుకోవాలి. ఇంటికి తెచ్చాక చీకటి గదిలో వెలిగించిన టార్చి లోపల పెట్టి మూత వేయండి. వెలుతురు గీతలా బయటికొచ్చే చోటల్లా పాము కూడా వెతుక్కుంటుంది.

మూత వదులుగా ఉంటే పైన బరువు పెడదామనే ఆలోచన అందరికీ వస్తుంది. పుస్తకాల కట్ట మూత నడుమను కిందికి నొక్కి అంచులను పైకి లేపుతుంది. టేపు అంటించడం ఇంకా ప్రమాదం. జిగురు వైపు పాము చిక్కుకుంటే పొలుసులు ఊడివస్తాయి. సామాన్ల మూటకు కట్టే బకిల్ బెల్టులు రెండు అడ్డంగా బిగించడం, లేదా చిన్న స్టీలు గొళ్ళెం, బోల్టుతో బిగించడం చవకైన మందు. పిల్లలున్న ఇంట్లో ఆ గొళ్ళానికి తాళం కూడా పడాలి. పాము బయటికి రాకుండా చూడటం ఎంత ముఖ్యమో, పక్కింటి పిల్లాడి చెయ్యి లోపలికి వెళ్ళకుండా చూడటమూ అంతే ముఖ్యం.

మూత లేకుండా, అలమర సొరుగుల్లా జారే పెట్టెలు కూడా ఉన్నాయి. పై అరే కింది పెట్టెకు మూత. పదుల కొద్దీ పాములున్న పెంపకందారులకు ఇది సౌకర్యం. వడ్రంగి చేత చేయించుకునేవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. మన సముద్రతీరపు గాలికి చెక్క ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. జనవరిలో సరిపోయిన అర ఆగస్టుకు అర అంగుళం సందు ఇవ్వవచ్చు. సొరుగు దానంతటది జారి ముందుకు రాకుండా అడ్డుకర్ర కూడా ఉండాలి.

గాలి, తేమ, రోహిణి కార్తె

పెంపకం పుస్తకాలు చాలావరకు చలిదేశాల్లో రాసినవి. వాటి బెంగంతా పామును ఎలా వెచ్చగా ఉంచాలి, తేమను ఎలా నిలబెట్టాలి అన్నదే. పుదుచ్చేరిలో సమస్య తలకిందులుగా ఉంటుంది. బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒక కొస 31-32 డిగ్రీలు, రెండో కొస 26-27 డిగ్రీలు ఉంటే సుఖం. కార్న్ స్నేక్‌కు ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువైనా సరే. రోహిణి కార్తెలో ఇక్కడ పైకప్పు కింద గదే 35 దాటుతుంది. అలాంటప్పుడు మూసిన ప్లాస్టిక్ పెట్టె కిటికీలోంచి పడే ఎండలో అరగంట ఉన్నా, ఆపిన కారులో పది నిమిషాలున్నా లోపలి జీవి ఉడికిపోతుంది. పాముకు చెమట పట్టదు, అరవదు. చల్లటి మూల వెతుక్కుంటుంది. ఆ మూల లేకపోతే చచ్చిపోతుంది.

కాబట్టి మన దగ్గర పెట్టెను ఎంచుకోవడమంటే దాన్ని పెట్టే గదిని ఎంచుకోవడం కూడా. పడమటి గోడ, మేడ మీది రేకుల గది, ఫ్రిజ్ పైభాగం పనికిరావు. కింది అంతస్తులో, నేరుగా ఎండ పడని, గాలి ఆడే గది కావాలి. వేడి చాపలు చాలామందికి డిసెంబర్, జనవరి రాత్రుల్లో తప్ప అవసరం పడవు. వాడితే పెట్టె అడుగున మూడో వంతు కిందే ఉంచాలి. థర్మోస్టాట్ లేకుండా అసలు వాడకూడదు. అదుపు లేని వేడి చాప ప్లాస్టిక్‌ను వంచుతుంది, పాము పొట్టను కాలుస్తుంది. కడుపు కింద కాలుతున్నా పాము వెంటనే లేచి పోతుందని నమ్మకం లేదు. పెట్టె ఖర్చు తగ్గించుకున్నవాళ్ళు థర్మోస్టాట్ దగ్గర తగ్గించుకోకూడదు. రెండు కొసల్లో రెండు థర్మామీటర్లు కూడా ఖర్చులో రాసుకోవాలి.

గాలి కన్నాలు కొన్న పెట్టెకు ఉండవు. మనమే వేసుకోవాలి. వేడి సోల్డరింగ్ ఐరన్‌తో ఆరుబయట వేస్తే అంచు నున్నగా వస్తుంది, పొగ ఇంట్లో పేరుకోదు. డ్రిల్లు వాడితే లోపలి నుంచి బయటికి వేయాలి. అప్పుడు గరుకంతా బయటే ఉంటుంది. పిల్ల పాముకు మూడు మిల్లీమీటర్లు, పెద్దదానికి ఐదు మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోండి. ఒక వైపు కింది వరుసగా, ఎదురు వైపు పై వరుసగా వేస్తే చల్లటి గాలి కింద నుంచి వచ్చి వేడిగాలి పైనుంచి పోతుంది. మూతకు మాత్రమే కన్నాలు వేసి, ఆ మూత మీద ఇంకో పెట్టె పెడితే కన్నాలు వేసి లాభమేమిటి?

బాల్ పైథాన్‌కు 60 శాతం దగ్గర తేమ కావాలి. వానాకాలంలో మన గాలిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకని విదేశీ పుస్తకం చెప్పినన్ని కన్నాలు ఇక్కడ చాలవు. లోపలి గోడలకు నీటిబొట్లు పడుతున్నాయంటే కన్నాలు పెంచాలని అర్థం. తడి పరుపు మీద రోజుల తరబడి పడుకున్న పాము పొట్ట పొలుసులు కుళ్ళుతాయి. ఊపిరితిత్తులకు జబ్బు పట్టి నోరు తెరిచి గాలి పీలుస్తుంది. అడుగున పరవడానికి పాత వార్తాపత్రికలు, కొబ్బరి పీచు పొడి చాలు. రెండూ మన తీరంలో చవక. రెండు కొసల్లో రెండు దాగుడు చోట్లు, బోర్లా పడని నీళ్ళగిన్నె ఉంటే ఇల్లు సిద్ధమైనట్టే.

ఇంటి అలవాట్లు కొన్ని మారాలి. ఫినాయిల్‌తో గది కడిగే ఇంట్లో పాము పెట్టెను దానితో కడగకూడదు. అలాంటి ద్రావకాలు సరీసృపాలకు విషం. బాగా పలచన చేసిన బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, వాసన పోయేదాకా మంచినీళ్ళతో తొలిచి, ఆరబెట్టాలి. ఆ గదిలో దోమల స్ప్రే, కలరా ఉండలు వద్దు. చీమలు పాముకు పెద్ద శత్రువులు. అప్పుడే కుబుసం విడిచిన పాము మెత్తని ఒంటి మీద అవి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. దీనికి అమ్మమ్మల కాలం నాటి ఉపాయమే మేలు. అలమర కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టడం. పామును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మానకూడదు. సరీసృపాల ఒంటిమీద సాల్మొనెల్లా క్రిములు ఉంటాయి.

ఎంత ఇరుకు, ఎంత చాలు

ఇప్పుడు అసలు చిక్కుముడి. పెట్టె ఎంత పెద్దదై ఉండాలి? పెంపకందారుల్లో ఒక పాత లెక్క ఉంది. పెట్టె పొడవు, వెడల్పు కలిపితే పాము పొడవుకు తగ్గకూడదు. 120 సెంటీమీటర్ల పాముకు 75 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టె సరిపోతుందన్నమాట. ఈ కొలత పాము బతకడానికి చాలుతుంది, హాయిగా ఉండటానికి చాలదు అని వాదించే శాస్త్రజ్ఞులు పెరుగుతున్నారు. పాము ఎప్పుడూ చుట్టచుట్టుకుని ఉండదు. నిలువునా చాచుకుంటుంది, పాకుతుంది. ఆ అవకాశం లేకపోతే అది బాగుందని ఎలా అంటామన్నది వాళ్ళ ప్రశ్న. పెంపకందారుల జవాబు ఒకటే. మా పాములు తింటున్నాయి, గుడ్లు పెడుతున్నాయి, ఇంకేం కావాలి?

ఆ జవాబు కొంతవరకే సరిపోతుంది. దాక్కునే చోట్లు లేని పెద్ద పెట్టెలో పిల్ల పాము బెదిరి తిండి మానేయడం నిజమే. దానికి మందు దాగుడు చోట్లు పెంచడం. జీవితాంతం చిన్న పెట్టెలో ఉంచడానికి అది సాకు కాకూడదు. పిల్లగా ఉన్నప్పుడు చిన్న పెట్టె, పెరుగుతున్నకొద్దీ పెద్దది, పూర్తిగా ఎదిగాక తన పొడవంత పెట్టె అన్నది ఇద్దరికీ నచ్చే మధ్యేమార్గం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పెట్టె వంటసామాన్ల దుకాణంలో సులభంగా దొరకదు. చవకతనం అక్కడితో ఆగిపోతుంది. ఈ సంగతి పిల్ల పామును కొనే రోజునే తెలిసి ఉండాలి.

మన చట్టం ఏమంటుంది? జంతు హింస నివారణ చట్టం 1960లో వచ్చింది. మనిషి కాని ప్రతి ప్రాణీ దాని లెక్కలో జంతువే, కాబట్టి పాము కూడా జంతువే. తగినంత కదలికకు వీలులేని ఎత్తు, పొడవు, వెడల్పు ఉన్న బోనులోగానీ పెట్టెలోగానీ ఏ జంతువునైనా ఉంచడం 11వ సెక్షన్ కింద నేరం. ఈ వాక్యం ప్లాస్టిక్ పెట్టెకు అచ్చంగా సరిపోతుంది. శిక్ష మాత్రం నవ్వు పుట్టిస్తుంది. మొదటి తప్పుకు పది రూపాయల నుంచి 50 రూపాయల దాకా జరిమానా. ఇరుకు పెట్టెకు పెట్టిన ధరే అంతకంటే ఎక్కువ. ఒక చట్టం పామును నమోదు చేయకపోతే జైలంటుంది, మరో చట్టం దాన్ని ఊపిరాడని డబ్బాలో ఉంచితే టీ ఖర్చుతో వదిలేస్తుంది. యజమాని ఎవరన్నది రాజ్యానికి తెలుసు. ఆ పాము ఎలా ఉందన్నది ఇంకా యజమాని మనస్సాక్షికే వదిలేసింది.

మూత తెరుచుకుంటే

పెట్టెలోంచి పాము తప్పించుకుంటే పెద్ద కొంపలేమీ మునగవు, విషం లేదు కదా అని పెంచేవాళ్ళు అనుకోవచ్చు. వీధి అలా అనుకోదు. వరసగా గోడలు కలిసిపోయిన పాత ఇళ్ళలో మురుగు గొట్టం వెంట, పెంకుల కింద పాము పక్కింటికి చేరడం నిమిషాల పని. అక్కడ కనబడిన పాముకు పేరూ ఊరూ అడిగేవాళ్ళు ఉండరు. కర్ర లేస్తుంది. మచ్చలున్న బాల్ పైథాన్‌ను రక్తపింజరగా పొరబడటానికి ఎవరినీ తప్పుపట్టలేం. పాముకాటుతో చావులు చూసిన దేశం ఇది. భయం మూఢనమ్మకం కాదు, అనుభవం.

కర్ర తప్పించుకున్న పాము ఇంకో రకం ముప్పు. స్పెయిన్ ఏలుబడిలోని గ్రాన్ కనారియా దీవిలో పెంపుడు పెట్టెల్లోంచి బయటపడ్డ కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌లు అక్కడి బల్లి జాతులను ఊడ్చేస్తున్నాయి. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో బర్మా కొండచిలువలు చిన్న జంతువులను తినేసి, తీసేయడానికి వీల్లేనంతగా పెరిగిపోయాయి. ఈ రెండూ మొదలైంది ఎవరో ఒకరి ఇంట్లో సరిగ్గా పడని మూతతోనో, పెంచలేక తోటలో వదిలేసిన చేతితోనో. ఉష్ణదేశపు పాముకు మన వాతావరణం పరాయిది కాదు. అందుకే వదిలేయడం దయ అనిపించుకోదు.

ఇక పుదుచ్చేరికి తుపాన్లు కొత్త కాదు. 2011 డిసెంబర్‌లో థానే వచ్చింది. 2024 నవంబర్ 30 రాత్రి ఫెంగల్ ఈ పట్టణం దగ్గరే తీరం దాటి, ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిపించింది. ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. అలాంటి రాత్రి నేల మీద ఉన్న ప్లాస్టిక్ పెట్టె పడవలా తేలుతుంది, కన్నాల్లోంచి నీళ్ళు నిండుతుంది, లేదా బోర్లాపడి మూత ఊడుతుంది. పెట్టె నడుము ఎత్తుకు తగ్గని అరలో, గోడకు కట్టిన అలమరలో ఉండాలి. ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే పామును మోసుకుపోవడానికి గట్టి బట్టసంచి, దాన్ని పెట్టడానికి మూత బిగిసే చిన్న డబ్బా సిద్ధంగా ఉండాలి. ప్రతి పెట్టె మీదా జాతి పేరు, విషం లేదన్న మాట, నమోదు సంఖ్య, ఫోన్ నంబరు తమిళంలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. తలుపు పగలగొట్టి లోపలికి వచ్చే అగ్నిమాపక సిబ్బందికి ఆ చీటీ ఎంతో మేలు చేస్తుంది.

మట్టికుండ చెప్పే మాట

చెన్నై నుంచి పుదుచ్చేరికి సముద్రం పక్కన వచ్చే రోడ్డు మీద వడనెమ్మేలి అనే ఊరుంది. 1978లో ఏర్పడిన ఇరుళర్ల పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం అక్కడే, మొసళ్ళ సంరక్షణ కేంద్రం ఆవరణలో పనిచేస్తుంది. పాము చర్మాల వ్యాపారం నిషేధించాక బతుకుతెరువు పోయిన ఇరుళర్లకు విషం తీసే పని దారి చూపింది. ఆ విషంతోనే మన విషహరం తయారవుతుంది. 2023లో ఇద్దరు ఇరుళ పాములవాళ్ళు, వడివేల్ గోపాల్, మాసి సడయాన్, పద్మశ్రీ అందుకున్నారు. ఆ సంఘంలో నాగుపాములు, కట్లపాములు, పింజరలు ఉండేది మట్టికుండల్లో. అడుగున ఇసుక, మూతికి బిగించి కట్టిన బట్ట. మట్టి చల్లగా ఉంటుంది, గాలి బట్టలోంచి వస్తుంది, లోపల చీకటి. ఇంతకంటే చవకైన, భద్రమైన పాము ఇల్లు మరొకటి ఉండదేమో.

కానీ ఆ కుండ వెనుక అటవీ శాఖ లైసెన్సు ఉంది, తరాలుగా వచ్చిన నేర్పు ఉంది, అన్నిటికీ మించి ఒక గడువు ఉంది. దాదాపు మూడు వారాలు ఉంచి, వారానికోసారి విషం తీసి, మళ్ళీ పట్టకుండా పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి, పామును అడవిలో వదిలేస్తారు. ఇరుకు కుండ అందుకే అన్యాయం అనిపించదు. పెంపుడు పాము పెట్టెకు అలాంటి విడుదల తేదీ లేదు. బాల్ పైథాన్ ఇళ్ళలో 20, 30 ఏళ్ళు మామూలుగా బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలకు 1961లో ఒక పెంపకందారు ఇచ్చిన బాల్ పైథాన్ 2020లో, అరవై ఏళ్ళు దాటిన వయసులో, గుడ్లు పెట్టి వార్తల్లోకెక్కింది.

ఈ లెక్కన ఇవాళ కాలేజీ కుర్రాడు కొనే పిల్ల పాము అతని ఉద్యోగం, పెళ్ళి, బదిలీలు, అద్దె ఇళ్ళు, పిల్లల చదువులు అన్నీ చూస్తుంది. పెట్టె కొన్ని వందల రూపాయలతో అయిపోతుంది. అన్నేళ్ళ తిండి, కరెంటు, సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టరు కోసం ప్రయాణాలు అలా అయిపోవు. కాబట్టి దుకాణంలో మూత నొక్కి చూసే ముందు ఇంట్లో కూర్చుని అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. మీరు ఊళ్ళో లేని రోజున, మంచాన పడిన వారంలో, ఇల్లు మారే నెలలో ఆ మూత తీసి నీళ్ళు మార్చి మళ్ళీ నాలుగు క్లిప్పులూ బిగించే రెండో మనిషి ఎవరు? పేరు చెప్పగలిగితే పెట్టె కొనండి. చెప్పలేకపోతే ఆ పెట్టెలో దుప్పట్లే దాచుకోండి.